గుంటూరు గ్రహణం కథ ఈసారైనా పూర్తిగా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏటా ఆగస్టు 18 దగ్గర పడుతుంటే నా ఫోన్‌కి ఒకే మెసేజ్ పది గ్రూపుల్లోంచి వస్తుంది, హీలియంని కనిపెట్టింది మన గుంటూరులోనే, గర్వంగా షేర్ చేయండి అని. పత్రికల్లోనూ ఓ మూల ఆ నాలుగు ముక్కలే వేస్తున్నారు. నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, ఉండేది తెనాలిలో, గుంటూరు పేరు సైన్సు చరిత్రలో కనిపిస్తే నాకూ సంతోషమే. కానీ ఆ మెసేజ్‌లో ఉన్నది సగం నిజం. మిగతా సగం ఇంకా గొప్పగా ఉంటుంది, దాన్ని ఎవరూ చెప్పరు, అందుకే ఈ ఉత్తరం.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ అరేబియా కొసన ఉన్న ఏడెన్ రేవు వైపు నుంచి వచ్చి బీజాపూర్ మీదుగా మన ప్రాంతం దాటి సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) దాకా వెళ్లింది. గుంటూరులో సూర్యుడు అయిదు నిమిషాలకు పైగా పూర్తిగా మూసుకుపోయాడు, గ్రహణాల్లో అది చాలా ఎక్కువ సేపు. ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్, ఇంగ్లిష్ వాళ్ల తరఫున మేజర్ టెనెంట్ ఇద్దరూ గుంటూరులోనే మకాం పెట్టారు. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పాగ్సన్ బందరులో దిగాడు. ఆయన దగ్గర పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్లాడు. ఈ రఘునాథాచారి సంగతి మీ పాఠకుల్లో ఎంతమందికి తెలుసో గానీ, అంతకు ముందు ఏడాదే ఒక చంచల నక్షత్రాన్ని, అంటే వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే నక్షత్రాన్ని కనిపెట్టిన మనిషి, ఆయన గురించి విడిగా ఒక పేజీ వేయొచ్చు.

ఇంతమంది ఎందుకొచ్చారంటే, స్పెక్ట్రోస్కోప్ కొత్తగా చేతికొచ్చిన రోజులవి. వెలుగుని పట్టకం (ప్రిజం) లోంచి పంపి రంగులుగా విడదీస్తే ఒక్కో మూలకం తనదైన గీతలు చూపిస్తుందని జర్మనీలో కిర్షాఫ్, బున్సెన్ తేల్చి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. గ్రహణం పట్టినప్పుడు సూర్యుడి అంచున ఎర్రటి నాలుకల్లా లేచి కనిపించే సౌరజ్వాలలు దేంతో తయారయ్యాయన్నదే అందరి ప్రశ్న. ఆ రోజు గుంటూరులో జాన్సెన్ చూసేసరికి వాటి వెలుగు ఇంద్రధనుస్సులా పరుచుకోలేదు, కొన్ని గీతలుగా మెరిసింది. అంటే అవి వేడికి వెలిగే వాయువు, అందులోనూ ముఖ్యంగా హైడ్రోజన్. అదే రోజు గ్రహణం చూసిన ఇంకా కొందరు కూడా ఈ సంగతి పట్టుకున్నారు.

జాన్సెన్‌ని వేరు చేసేది మర్నాడు జరిగిన పని. గీతలు అంత ప్రకాశంగా ఉంటే గ్రహణం లేకుండా కూడా చూడొచ్చు కదా అని ఆయనకి తట్టింది. ఆగస్టు 19న, ఏ గ్రహణమూ లేని మామూలు పొద్దున, స్పెక్ట్రోస్కోప్ సన్న చీలికని సూర్యుడి అంచు మీదికి తెచ్చి అవే జ్వాలల గీతలు చూశాడు. అప్పటిదాకా మనిషి వాటిని చూడాలంటే ఏ దేశంలోనో గ్రహణం పట్టేదాకా ఆగి, ఓడెక్కి పోయి, ఆ అయిదు నిమిషాల్లో మబ్బు రాకూడదని మొక్కుకోవాల్సిందే. ఆయన మాత్రం గుంటూరులో కూర్చుని పదిహేను రోజులకు పైగా రోజూ చూశాడు.

ఎలా సాధ్యమైందో పిల్లలకి నేను ఇలా చెప్పేవాణ్ణి. బస్తా వడ్లు తీసుకెళ్లి ఎకరం నిండా వెదజల్లితే దూరం నుంచి ఒక్క గింజ కూడా కంటికి ఆనదు, అదే నాలుగు దోసిళ్ల వడ్లు నాలుగు చోట్ల కుప్ప పోస్తే గట్టు మీద నుంచే కనిపిస్తాయి. సూర్యుడి చుట్టూ ఆకాశంలో ఉండే వెలుగు బస్తా లాంటిది, పట్టకం దాన్ని అన్ని రంగుల్లోకీ వెదజల్లి పలచన చేసేస్తుంది. జ్వాలల వెలుగు తక్కువే అయినా కొన్ని గీతల్లోనే కుప్పపడి ఉంటుంది కాబట్టి ఎంత సాగదీసినా పలచబడదు. ఇంతే కిటుకు. ఇది అన్నిటికీ పనికిరాదు లెండి, సూర్యుడి పక్కగా వచ్చే నక్షత్రకాంతి వంగుతుందన్న ఐన్‌స్టీన్ మాటని పరీక్షించడానికి 1919లో మళ్లీ గ్రహణం కోసమే ఆగాల్సి వచ్చింది.

గ్రహణం లేకుండానే జ్వాలల గీతలు చూడొచ్చన్న ఇదే ఆలోచన ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ అనే ఖగోళ శాస్త్రవేత్తకి 1866లోనే వచ్చింది. కావలసిన పరికరం ఆలస్యంగా చేతికొచ్చి 1868 అక్టోబరు 20న చూడగలిగాడు. జాన్సెన్ తన ఫలితాన్ని కాకినాడ నుంచి ఉత్తరం రాసి పంపాడు, సెప్టెంబరు 19 తేదీతో. అది సముద్రం మీద వెళ్లి చేరేసరికి, పారిస్‌లో సైన్సు అకాడమీ ముందుకి ఇద్దరి సమాచారమూ ఒకే రోజున వచ్చింది. ఎవరు ముందన్న గొడవ పెట్టుకోకుండా ఫ్రాన్స్ వాళ్లు తర్వాత ఇద్దరి ముఖాలూ పక్కపక్కన ఉన్న పతకం వేయించారు.

మరి హీలియం? గ్రహణం రోజున చాలామంది పసుపు రంగు దగ్గర ఒక గీత గమనించారు, బందరులో పాగ్సన్ కూడా. అందరూ దాన్ని సోడియం గీతే అనుకున్నారు, లేదా దాని దగ్గరిదని రాసి ఊరుకున్నారు. అది సోడియం స్థానంలో లేదు, కాస్త పక్కకి జరిగి ఉందని తీరిగ్గా కొలిచి చెప్పినవాడు లాక్యర్. సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటే ఇది 587.6 దగ్గర. హైడ్రోజన్‌ని ఎంత వేడి చేసినా ఆ గీత రాలేదు. గ్రీకులో సూర్యుడి పేరైన హీలియోస్ మీద హీలియం అన్నారు గానీ చాలామంది నమ్మలేదు, 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి ఆ వాయువుని బయటికి తీసేదాకా. ఆ గ్రహణంలో కొత్త మూలకం దొరికిందని జాన్సెన్ ఎక్కడా చెప్పుకోలేదు. ఆయన చేయనిది ఆయనకి అంటగట్టి, నిజంగా చేసినదాన్ని మనం మరిచిపోతున్నాం, నా బాధ అది.

పుస్తకంలో చదివితే ఇదంతా పిల్లల తలకెక్కదు, చేతికివ్వాలి. మా స్కూల్లో చెప్పుల అట్టపెట్టె తీసుకుని, ఒక పక్క రెండు బ్లేడ్లని వెంట్రుక మందం సందుతో అతికించి, లోపల పాత సీడీ ముక్కని ఏటవాలుగా నిలబెట్టి, పైన చూడ్డానికి ఒక బెజ్జం పెట్టేవాళ్లం. పాత ఫిలమెంటు బల్బు వైపు తిప్పితే రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి. అదే సీఎఫ్‌ఎల్ బల్బు వైపు తిప్పితే ఆకుపచ్చ గీత ఒకటి చాకుతో గీసినట్టు విడిగా నిలబడుతుంది. ఒకసారి తలుపులు మూసి, స్పిరిటు దీపం మంటలో తడి ఉప్పు పెట్టి చూపించాను. క్లాసులో అందరి ముఖాలూ పసుపు పచ్చగా అయిపోయాయి, పెట్టెలో ఒక్క పసుపు గీత. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి కళ్లు పెట్టెలోంచి తీయకుండా, "మరి సూర్యుడిలో కూడా ఉప్పుందా సార్?" అని అడిగింది. ఉప్పులో ఉండే సోడియం ఉందమ్మా, ఆవిరిగా ఉంది అని చెప్పి, అక్కడి నుంచి హీలియం గీత దాకా వెళ్లేసరికి గంట కొట్టారు, ఒక్కరూ లేవలేదు. (ఈ పెట్టెతో సూర్యుడి వైపు నేరుగా చూడకూడదు, కళ్లు పోతాయి, ఎండ పడ్డ తెల్లగోడని చూస్తే చాలు. మీరు వేస్తే ఈ మాట తప్పకుండా పెద్ద అక్షరాల్లో వేయండి.)

తెలుగువాళ్లకి గర్వపడే సందర్భం కావాలంటే ఈ గీతల విద్యలోనే బోలెడుంది. వాల్తేరులో కొత్తగా పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కె. రంగధామరావు గారు స్పెక్ట్రోస్కోపీ ప్రయోగశాల నిలబెట్టారు. రామన్ దగ్గర పనిచేసి వచ్చిన సూరి భగవంతం గారు అదే విశ్వవిద్యాలయంలో అణువుల, స్ఫటికాల కంపనాల మీద పని సాగించారు. వాళ్ల పేర్లు ఆగస్టు 18 మెసేజ్‌ల్లో ఎప్పుడూ చూడలేదు.

కాబట్టి ఎడిటర్ గారూ, వచ్చే ఆగస్టులో ఆ నాలుగు ముక్కలు కాకుండా సగం పేజీ కేటాయించండి. గ్రహణం నీడ వెళ్లిన దారి మ్యాపు వేసి, అందులో వనపర్తి, గుంటూరు, బందరు చూపించండి. ఆగస్టు 19 ఉదయం సంగతి, కాకినాడ ఉత్తరం సంగతి రాయించండి. పిల్లల పేజీలో సీడీ పెట్టె బొమ్మ వేయండి. బొమ్మ కొలతలతో సహా నా దగ్గర గీసి ఉంది, అడిగితే ఆ రోజే పంపిస్తాను.

ఇట్లు
ఒక రిటైర్డ్ ఫిజికల్ సైన్స్ మాస్టారు
తెనాలి