కిశోర్‌కు అమ్మ రాసిన ఉత్తరం

చిరంజీవి కిశోర్‌కు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. ఈసారి ఆవకాయ రాజ్యం అత్తయ్య దగ్గరుండి కలిపింది. నాన్నగారి మోకాలు కాస్త నయం. నీ పన్ను చూపించుకున్నావా? ఐసు నీళ్లు తాగకు.

ఈ మధ్య ఆదివారాలు నీ ఫోను రావడం లేదు. పద్మ పిన్ని కొడుకు నీ ఫొటో చూపించాడు. పొరుగింటి విందులో నవ్వుతున్నావు, వెనక గోడకు ఎర్రజెండా, దాని మీద ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటే నీలం పట్టీలు, వాటిలో తెల్ల నక్షత్రాలు. అమెరికా అంతర్యుద్ధంలో విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమి (కాన్ఫెడరసీ) సైన్యపు జెండా అది. ‘ఇది వారసత్వం, ద్వేషం కాదు’ అని కింద రాశావట. చిక్కావనిపించింది. రాత్రిపూట ఏమి తింటున్నావు?

నీకు జ్వరం వస్తే సూపు తెచ్చిన మనుషులు చెడ్డవాళ్లని నేననను. వాళ్ల ముత్తాతలు ఆ జెండా కింద పోరాడి చనిపోయి ఉండవచ్చు. కానీ ఆ పోరాటం దేనికోసమో ఆనాటి పెద్దలే రాసిపెట్టారు. 1860 డిసెంబరులో విడిపోతూ మీ సౌత్ కరోలినా చేసిన ప్రకటన నిండా బానిసత్వం గొడవే. 1861 మార్చిలో ఆ కూటమి ఉపాధ్యక్షుడు స్టీఫెన్స్, నల్లవాడు తెల్లవాడితో సమానం కాడన్నదే తమ ప్రభుత్వానికి పునాదిరాయి అన్నాడు. మీ రాష్ట్ర రాజధాని కొలంబియాలో శాసనసభ గుమ్మటం మీదికి ఆ జెండా ఎక్కింది 1960ల మొదట్లో, నల్లవాళ్లు హక్కులు అడుగుతున్న రోజుల్లో. యుద్ధం జరిగి వందేళ్లయిన సందర్భమన్నారు. ఉత్సవాలు ముగిసినా 2000 దాకా గుమ్మటం మీంచి దించలేదు, దించాక కూడా ఆవరణలోనే ఎగరేశారు.

మన గడప మీది స్వస్తికాన్నీ అపార్థం చేసుకుంటారు కదా అని తమ్ముడితో వాదించావట. స్వస్తికం హిట్లర్‌కు వేల ఏళ్ల ముందు నుంచీ ఉంది. ఆ జెండా ఆ యుద్ధంలోనే పుట్టింది.

మీ తాతయ్య ఊళ్లో టీ దుకాణం చూరుకు విడిగా గ్లాసులు వేలాడేవి. దళితవాడ వాళ్లు వాటిలోనే తాగి, తామే కడిగి, మళ్లీ అక్కడే తగిలించాలి. ఒక సంతరోజున నేను తాతయ్య చెయ్యి పట్టుకుని వెళ్లాను. ‘వీటిని తీసెయ్యి’ అన్నారు. దుకాణదారు నొచ్చుకున్నాడు. ‘మా నాన్న కాలం నుంచి ఉన్న ఆనవాయితీ పంతులుగారూ, నాకు ఎవరిమీదా చిన్నచూపు లేదు’ అన్నాడు. అడిగినవాడికల్లా అప్పిచ్చే మనిషి, అబద్ధమాడాడని నేననుకోను. తాతయ్య చూరుకున్న గ్లాసు తీసి, ‘నాకు ఇందులో పొయ్యి’ అన్నారు. అతడు కెటిల్ ఎత్తాడు కానీ పొయ్యలేకపోయాడు. బయట నిలబడి టీ తాగుతున్న మనిషి తల దించుకున్నాడు. ఆనవాయితీ ఎవరిని తాకుతోందో అతని ముఖంలో చూశాను. తరువాతి సంతకూ ఆ గ్లాసులు అక్కడే ఉన్నాయి. తాతయ్య మాత్రం మళ్లీ ఆ దుకాణంలోకి అడుగుపెట్టలేదు.

2015 జూన్ 17న చార్లెస్టన్‌లో నల్లవాళ్ల ఇమాన్యుయేల్ చర్చిలో తొమ్మిది మందిని కాల్చి చంపినవాడు ఆ జెండాతో ఫొటోలు దిగాడు. అప్పటికీ శాసనసభ ఆవరణలో అది ఎగురుతూనే ఉంది. జూలై 10న దించారు. ఆ చట్టం మీద సంతకం చేసిన గవర్నరు నిక్కీ హేలీ పంజాబు నుంచి వెళ్లిన దంపతుల కూతురు. మీ రాష్ట్రం సంగతులు ఇవి, నువ్వు తెలుసుకోవద్దా? నీకు కారు నేర్పిన డేవిడ్ ఆ ఫొటో చూశాడా? అతని తల్లి చూస్తే?

ఆ ఫొటో తీసెయ్యి నాయనా. పొరుగువాళ్లతో స్నేహం మానుకోమనడం లేదు. వాళ్లనూ డేవిడ్‌నూ ఒకేసారి భోజనానికి పిలువు, జెండా మాట నువ్వే ఎత్తు. పులిహోర కలిపే పద్ధతి మళ్లీ రాసి పంపుతాను. ఇంగువ, మెంతిపొడి విడివిడిగా మూటకట్టి పంపుతున్నాను. అన్నం మానకు. ఈ ఆదివారం ఫోను చెయ్యి, ఎంత రాత్రయినా మేలుకుని ఉంటాను.

అమ్మ