సీప్లేన్ మోడళ్లు నీళ్లు వదిలి ఎందుకు లేవడం లేదు?

సంపాదకులకు నమస్కారం.

2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్‌ను ప్రయోగాత్మకంగా నడిపాక మన ఇంజినీరింగ్ విద్యార్థులకు నీటి విమానాల మోడళ్ల మీద మోజు పుట్టింది. మంచిదే. అయితే రెండు మీటర్ల రెక్కలు దాటిన పెద్ద మోడళ్లు చాలావరకు ఒకే తీరున బోల్తా పడుతున్నాయి. చక్రాల మీద చక్కగా ఎగిరిన విమానానికి కింద రెండు థర్మకోల్ దిమ్మలు కట్టి నీళ్లలోకి దించుతారు. అది హోరుమంటూ చెరువంతా తిరుగుతుంది గానీ లేవదు. లేదంటే ముక్కు ముంచి పల్టీ కొడుతుంది. రెక్కలో దోషమేమీ ఉండదు, పడవ లెక్కే ఎవరూ వేసి ఉండరు. రిపోర్టులో ఎయిర్‌ఫాయిల్‌కు (రెక్క అడ్డుకోత ఆకారానికి) పేజీలకు పేజీలు, ఫ్లోటుకు (నీటి మీద తేల్చే దిమ్మకు) మాత్రం ఒక బొమ్మ!

ఆ లెక్క బ్రహ్మవిద్యేమీ కాదు. విజయవాడలో దిగిన ట్విన్ ఆటర్‌నే తీసుకుందాం. అసలు విమానం రెక్కల నిడివి 19.8 మీటర్లు. ఎనిమిదో వంతుకు కుదిస్తే 2.48 మీటర్లు, పొడవు రెండు మీటర్లకు కాస్త తక్కువ. బ్యాటరీలతో కలిపి బరువు 9 కిలోలు అనుకుంటే తేలడానికి 9 లీటర్ల నీటిని పక్కకు నెట్టాలి. అంతకు అంతే కడితే ఫ్లోటు పైఅంచు నీటి మట్టానికి వచ్చేస్తుంది. అమెరికా నిబంధనల్లో అసలు సీప్లేన్లకే బరువుకు 80 శాతం అదనంగా తేలే శక్తి అడిగేవారు. మోడల్‌కూ అదే పట్టుకోండి. అంటే మొత్తం 16.2 లీటర్లు, ఒక్కో ఫ్లోటుకు సుమారు 8. ఫ్లోటు పొడవు విమానం పొడవులో మూడొంతులు, అంటే దాదాపు 148 సెంటీమీటర్లు. వెడల్పు 11, లోతు 9 పెట్టి, ముందూ వెనకా సన్నబడే ఆకారానికి 0.55తో గుణిస్తే 8 లీటర్లు వస్తుంది. రెండు ఫ్లోట్ల మధ్య దూరం రెక్కల నిడివిలో నాలుగో వంతు, 62 సెంటీమీటర్లు. ఫ్లోటు ముక్కు ప్రొపెల్లర్ కన్నా ముందుకు ఉండాలి. లేకపోతే ఎగజిమ్మే నీళ్లన్నీ ప్రొపెల్లర్‌కే తగులుతాయి, చెక్క ప్రొపెల్లర్ అయితే అంచులు పీచులు లేస్తాయి.

అసలు కిటుకంతా స్టెప్‌లో ఉంది. ఫ్లోటు అడుగున మధ్యలో మెట్టులా కోసినట్టుండేదే స్టెప్. వేగం అందుకున్నాక నీరు అక్కడ తెగిపోతుంది, వెనక గాలి చేరుతుంది, ఫ్లోటు వెనక సగం నీటి పట్టు నుంచి విడిపోతుంది. స్టెప్ లేని దిమ్మ అడుగును నీరు కిందికి లాగుతూనే ఉంటుంది. ఇంకో వంద వాట్లు పెంచినా లాభం ఉండదు. 11 సెంటీమీటర్ల వెడల్పుకు స్టెప్ లోతు 11 మిల్లీమీటర్లు చాలు. దాని చోటు సీజీకి (విమానం బరువు తూగే కేంద్రానికి) సరిగ్గా కింద కాదు, 15 నుంచి 25 మిల్లీమీటర్లు వెనక్కి. మరీ వెనక్కి జరిపితే ఎలివేటర్ (తోక మీద ముక్కును పైకీ కిందికీ తిప్పే పలక) ఎంత లాగినా ముక్కు లేవదు. సీజీకి ముందుకు వస్తే తోక కూలబడి, విమానం కప్పలా గెంతుతుంది. ఫ్లోటు పైభాగానికీ రెక్కకూ మధ్య రెండున్నర, మూడు డిగ్రీల కోణం ఉండాలి. స్టెప్ అంచు పదునుగా ఉండాలి. ఫ్లోటు మీద పూసే రెజిన్ (గట్టిపడే జిగురు) ఆరేటప్పుడు అంచు గుండ్రంగా తిరుగుతుంది, ఆ గుండ్రం వెంట నీరు పాకి వెనక్కి అంటుకుంటుంది. అందుకే ఆరాక చెక్కముక్కకు ఎమెరీ పేపర్ చుట్టి, గోటితో గీస్తే తట్టేదాకా రుద్దాలి. పక్క అంచులకూ ఇదే పని.

రెజిన్ దగ్గర మన విశాఖలో మరో తిరకాసు ఉంది. ఫైబర్ పడవలకు వాడే పాలిస్టర్ రెజిన్ సులువుగా, చవగ్గా దొరుకుతుంది. అందులో స్టైరీన్ ఉంటుంది కాబట్టి థర్మకోల్ మీద పూస్తే కళ్లముందే కరిగి గుంటలు పడుతుంది. థర్మకోల్ మీదికి ఎపాక్సీయే వాడాలి. పడవ దుకాణంలో ఇచ్చే 450 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) ఫైబర్ గ్లాస్ మ్యాట్ కూడా పనికిరాదు. అది రెండింతల రెజిన్ తాగి చదరపు మీటరుకు కిలోంపావు పైనే తూగుతుంది. రెండు ఫ్లోట్ల ఒంటి వైశాల్యం దాదాపు ఒక చదరపు మీటరు. 50 జీఎస్‌ఎం ఫైబర్ గ్లాస్ నేత గుడ్డ అయితే రెజిన్‌తో కలిపి పొరకు వంద గ్రాములే. అడుగున రెండు పొరలు, పైన ఒకటి సరిపోతాయి. మన ఉక్కపోతలో ఎపాక్సీ మీద జిడ్డు పొర తేలుతుంది. గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆరాకే రెండో పొర వేయాలి. ఎండాకాలంలో ఒకేసారి ఎక్కువ కలిపితే గిన్నెలోనే పొగలు వచ్చి గట్టిపడుతుంది.

లోపల బోలుగా, ప్లైవుడ్‌తో కట్టే ఫ్లోట్లకు వేరే జబ్బు. గట్టు మీద ఎండకు లోపలి గాలి వ్యాకోచించి సన్నని పగుళ్లలోంచి బయటికి పోతుంది. చల్లని నీళ్లలో పెట్టగానే అదే దారిన నీరు లోపలికి పీల్చుకుంటుంది. పైన 2 మిల్లీమీటర్ల గాలి రంధ్రం, వెనక నీళ్లు వంపే బిరడా, లోపల నాలుగైదు అడ్డుగోడలు ఉంటే బాధ లేదు.

మోటార్ల సంగతి క్లుప్తంగా: నీటి మీంచి లేవడానికి కిలోకు 300 వాట్లు వేసుకోండి. పైన చెప్పిన మోడల్‌కు రెండు మోటార్లకు చెరో 1350 వాట్లు. 6ఎస్ (ఆరు సెల్లుల) బ్యాటరీ మీద చెరో 60 ఆంపియర్లు లాగుతాయి, మోటారు వేగాన్ని నియంత్రించే 80 ఆంపియర్ల ఈఎస్‌సీలు పెట్టాలి. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నీళ్లలోకి దూరదు కాబట్టి రిసీవర్ పైన ఉండాలి, సిగ్నల్ పోతే మోటార్లు ఆగేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి ఒడ్డునే పరీక్షించాలి.

పొట్టతోనే తేలే ఫ్లయింగ్ బోట్ కట్టాలనుకునేవారు రెక్క చివరి బుల్లి ఫ్లోట్లను చిన్నచూపు చూడొద్దు. వాటి ముక్కు రెండు మూడు డిగ్రీలు పైకి లేచి ఉండాలి. కిందికి వంగితే నీళ్లలో గుచ్చుకుని విమానాన్ని గిర్రున తిప్పేస్తాయి. ఏ విమానం కట్టాలంటే, మన ఊరికి తగినవి రెండున్నాయి. 1953లో వచ్చిన షార్ట్ సీలాండ్ భారత నౌకాదళానికి మొట్టమొదటి విమానం. గోవా నౌకాదళ విమాన మ్యూజియంలో ఒకటి ఉంది, వెళ్లి కొలతలు చూసుకోవచ్చు. రెండోది కాటలీనా ఫ్లయింగ్ బోట్. 1942 ఏప్రిల్ 4న సింహళం దక్షిణాన జపాన్ నౌకాదళాన్ని కనిపెట్టింది ఈ రకం విమానమే. రెండు రోజుల తర్వాత విశాఖ మీద బాంబులు పడ్డాయి. పన్నెండో వంతుకు కుదిస్తే రెక్కలు 2.64 మీటర్లు. అసలుదాని చివరి ఫ్లోట్లు మడుచుకుంటాయి, మోడల్‌లో ఆ ముచ్చట మానుకోవడమే మేలు.

ఎక్కడ ఎగరేయాలి? ఆర్కే బీచ్ మాత్రం కాదు. 40 సెంటీమీటర్ల అల ఎనిమిదో వంతు మోడల్‌కు మూడు మీటర్ల అలతో సమానం. పైగా ఉప్పునీరు సర్వోలనూ (పలకలను కదిపే చిన్న మోటార్లు) లైపో బ్యాటరీలనూ బతకనివ్వదు. జలాశయాలే గతి. అయితే మేఘాద్రిగెడ్డ జలాశయం విమానాశ్రయం పక్కనే ఉంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 25 కిలోల్లోపు, కంటికి కనిపించేంత దూరంలో సరదాకో చదువుకో ఎగరేసే మోడళ్లకు టైప్ సర్టిఫికెట్ (ఆ నమూనాకు ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) అక్కర్లేదు. కానీ గగనతల అనుమతి నుంచి మినహాయింపు లేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపు నేల నుంచే పసుపు జోన్ (విమాన నియంత్రణ కేంద్రం అనుమతి కావాలి), 8 నుంచి 12 వరకు 200 అడుగుల దాకానే ఆకుపచ్చ (ముందస్తు అనుమతి అక్కర్లేని జోన్). నౌకాదళ ప్రాంతాల సంగతి చెప్పక్కర్లేదు. భోగాపురం విమానాశ్రయంతో మ్యాప్ మారుతుంది, పాత స్క్రీన్‌షాట్లు నమ్ముకోకుండా ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్‌లో ఆ పూటే చూడాలి. జలాశయం తాగునీటిదైతే పెట్రోలు ఇంజిన్ మాటే ఎత్తకూడదు. పొద్దున్నే వెళ్లాలి గానీ అద్దంలా నిలిచిన నీటి కన్నా చిరు అలలున్న నీరే మేలు, ఫ్లోటు తేలిగ్గా విడిపోతుంది.

కాలేజీల వారికి, జలాశయాలు చూసే ఇంజినీర్లకు ఒక విన్నపం. పూర్తి బరువుతో తొట్టిలో తేలుతున్న మోడల్ ఫొటో, సీజీ, స్టెప్, ఫ్లోటు ఘనపరిమాణం రాసిన ఒక కాగితం ఉంటేనే ప్రాజెక్టుకు సంతకం పెట్టండి. నీటి దగ్గర లైఫ్ జాకెట్ వేసుకున్న మనిషితో పడవ సిద్ధంగా ఉంటేనే అనుమతివ్వండి. ఆగిపోయిన మోడల్ కోసం పిల్లలు ఈదుకుంటూ వెళ్లే అవసరం రాకూడదు.

- ఒక ఏరోమోడలర్, విశాఖపట్నం