మలీదను ఏ గడిలో వేస్తారు?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో మతాలు, ఆహార సంప్రదాయాల మీద వేసిన పట్టిక చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, జైనులు అని నాలుగు గడులు గీసి, ఒక్కో గడిలో నాలుగైదు వంటకాలు వేశారు. బొమ్మలు బాగున్నాయి. మలీదను మాత్రం ముస్లింల గడిలో పెట్టి ఊరుకున్నారు. క్రైస్తవుల గడిలో కేకు, వైను తప్ప మరేమీ లేవు. మా ఆవిడ చదివి, "ఇది వేసినవాళ్లు పక్కింట్లో ఎప్పుడూ తిన్నట్టు లేదు" అంది.

నా పేరు యాకయ్య. 1979లో కాజీపేటలో స్టీము ఇంజన్ల క్లీనరుగా చేరి, ఫైర్‌మన్, అసిస్టెంటు, డ్రైవరు అన్నీ అయి 2018లో రిటైరయ్యాను. పేరును బట్టి నన్ను ఏ గడిలో వేస్తారో నాకు తెలియదు. పర్వతగిరి మండలం అన్నారం షరీఫ్‌లో యాకూబ్ షావలీ దర్గా ఉంది. ఆ మొక్కుతో పుట్టిన యాకయ్యలు, యాకమ్మలు మా వైపు ప్రతి ఊళ్లో కనిపిస్తారు. నాకు ముందు పుట్టిన ఇద్దరు దక్కకపోతే మా నాయనమ్మ అక్కడ మొక్కింది. నా పుట్టువెంట్రుకలు అక్కడే తీశారు, కందూరు, అంటే మొక్కు విందు, చేశారు. కందూరుకు యాటను మేము కోయకూడదు. దర్గా చూసుకునే ముజావరు కోసి ఫాతెహా ప్రార్థన చదివితే, వండేది మావాళ్లు. మా పెదనాన్న తులసిపూసలు వేసుకున్న మనిషి. ఆయన కోసం చింతచెట్టు అవతల వేరే పొయ్యి పెట్టి పప్పు, చారు కాచారట. ఆయన మానుకున్నందుకు ఎవరూ నొచ్చుకోలేదు, మిగతావాళ్లు తిన్నందుకు ఆయన మొహం చిట్లించలేదు.

ఇక మలీద. పెనం మీద నుంచి తీసిన జొన్నరొట్టెనో సజ్జరొట్టెనో వేడి మీదే నలిపి, రోట్లో బెల్లం వేసి దంచి, నెయ్యి పోసి ముద్దలు కడితే అది మలీద. 'నలిపినది' అని అర్థం వచ్చే పారశీక మాట అది. రొట్టె చల్లారితే నలగదు, బిళ్లలుగా విరుగుతుంది. అందుకని మా అమ్మ చెంగు అడ్డం పెట్టుకుని పొగలు కక్కే రొట్టెనే నలిపేది. పని అయ్యేసరికి అరచేతులు ఎర్రగా కందిపోయేవి. పీర్ల పండుగనాడు ఆ ముద్దలు బెల్లం షర్బతుతో పాటు పీర్ల చావిడికి వెళ్లేవి. సద్దుల బతుకమ్మనాడు అవే ముద్దలు పెరుగు సద్ది, పులిహోర, నువ్వుల సద్ది పక్కన చెరువుగట్టుకు వెళ్లేవి. మొహర్రం ఏటా పదకొండు రోజుల దాకా ముందుకు జరుగుతుంది కాబట్టి ఈ రెండూ దగ్గరపడటం అరుదు. 2016లో, మళ్లీ 2017లో దసరా మర్నాడే మొహర్రం వచ్చింది. 2017లో అమ్మ ఇంకా ఉంది. సద్దుల కోసం దంచిన మలీదలో కొంత తీసి స్టీలు గిన్నెలో వేసి మూత పెట్టింది. "ఇది పీర్లకు. మూడు రోజుల్లో మళ్లీ ఎవరు దంచుతారు?" అంది. ఆ గిన్నె మీ పట్టికలో ఏ గడిలోకి వస్తుందో చెప్పండి. కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదులు కూడా తడిపిన అటుకుల్లో కొబ్బరి, చక్కెర, పండ్ల ముక్కలు కలిపి ఏలియా ప్రవక్త పేరు మీద పంచుకుంటారు. దాన్నీ మలీద అనే అంటారని బొంబాయి వైపు నుంచి వచ్చిన ఒక గార్డు చెప్పాడు. వాళ్లకు మీ దగ్గర గడే లేదు.

అసలు నేను రాయదలచింది వేరు. ఎవరు ఏమి తింటారో తెలిస్తే హోటలు పెట్టుకోవచ్చు. పక్కపక్కన బతకాలంటే ఎవరు ఎప్పుడు ఏమి ముట్టరో తెలియాలి. నాకు ఆ చదువు చెప్పింది బల్లార్షా రన్నింగ్ రూంలోని వంటమనిషి.

బండి దిగిన డ్రైవర్లు, గార్డులు మళ్లీ డ్యూటీ పిలుపు వచ్చేదాకా పడుకునే చోటు అది. ఆ రోజుల్లో ఎవరి బియ్యం, పప్పు, కూరగాయలు వాళ్లం మూట కట్టుకుని వెళితే, వంటమనిషి ఎవరిది వాళ్లకు విడిగా వండిపెట్టేవాడు. గట్టు మీద ఒకేసారి పది పన్నెండు చిన్న గిన్నెలు. ఆయనకు చదువు రాదు, చీటీలు ఉండవు. సోమవారం నీచు మానేదెవరు, మంగళవారం ఎవరు, గురువారం ఎవరు, శనివారం ఎవరు, అంతా నోటికే వచ్చు. ఫాతిమానగర్ నుంచి వచ్చే క్రైస్తవ గార్డు విభూది బుధవారం మొదలు ఈస్టరు దాకా శుక్రవారాలు మాంసం తినడని తెలుసు. చేప అయితే తింటాడనీ తెలుసు. రంజాన్ నెలలో తెల్లవారుజామున మూడున్నరకే ఒక పొయ్యి వెలిగేది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు వస్తే ముందు గట్టు కడిగి, ఉల్లి వెల్లుల్లి తగలని గిన్నెలు పైఅర నుంచి దించేవాడు.

ఒక రాత్రి అలా మాల వేసుకున్న అసిస్టెంటు పప్పులో వంటమనిషి పొరపాటున చేపల పులుసు గరిటె పెట్టాడు. చూసినవాడు లేడు. పప్పు పారబోసి, గిన్నె పక్కన బోర్లించి, నిద్రపోతున్నవాడిని లేపాడు. "స్వామీ, గరిటె మారింది. అరగంట ఆగితే మళ్లీ వండుతాను" అన్నాడు. అంతలోనే కాల్ బాయ్ వచ్చాడు, బండి సిద్ధంగా ఉందని. ఆ అబ్బాయి నాలుగు అరటిపండ్లు సంచిలో వేసుకుని డ్యూటీ ఎక్కాడు. వంటమనిషి ఆ పూట తనూ తినలేదు. ఆయన మతమేమిటో నేను ఇక్కడ రాయడం లేదు. రాస్తే మీరు గడి వెతుకుతారు.

1986 మే నెల రంజాన్‌లో నేను అసిస్టెంటును. డ్రైవర్ సాబ్ రోజా ఉన్నారు. రామగుండం ఎండ, పైన ఇంజను వేడి. ప్రయాణంలో ఉన్నవాళ్లు ఉపవాసం వాయిదా వేసుకోవచ్చని వాళ్ల ధర్మంలోనే ఉంది కదా అని అడిగాను. "ఇది ప్రయాణమా? ఇది నా ఉద్యోగం" అన్నారు. నా డబ్బా విప్పడానికి వెనక్కి వెళ్లబోతే, ఇక్కడే కూర్చుని తినమన్నారు. ఆ సాయంత్రం బిజిగిర్ షరీఫ్ బయట సిగ్నల్ దగ్గర మమ్మల్ని ఆపేశారు. దూరం నుంచి అజాన్ వినిపించింది. ఆయన జేబులో మూడు ఖర్జూరాలున్నాయి. ఒకటి నా చేతిలో పెట్టి, ఒకటి నోట్లో వేసుకుని నీళ్లు తాగారో లేదో సిగ్నల్ పడింది. మూడోది బుగ్గన పెట్టుకునే హారన్ కొట్టారు. మీ గడిలో హలీం ఉంది, మంచిదే. అప్పట్లో నేను తిన్న కాజీపేట ఇఫ్తార్‌లలో హలీం ఎప్పుడూ చూడలేదు. ఉడికించిన శనగలు, భజియాలు, పండ్ల ముక్కలు ఉండేవి.

జైనుల సంగతి నాకు తెలిసింది తక్కువ. ఒకసారి సికింద్రాబాదు ప్యాసింజరు జనగామలో గంటకు పైగా నిలిచిపోయింది. కొలనుపాక జైన గుడికి వెళ్లే యాత్రికుల్లో ఒక కుర్రవాడు ఇంజను దగ్గరకు వచ్చి, పొద్దు గూకేలోగా ఆలేరు చేరతామా అని అడిగాడు. చేరకపోతే అతని నానమ్మ తెల్లారేదాకా మంచినీళ్లు కూడా ముట్టదట. చేరలేదు. బండి ఆలస్యానికి ఎవరో పస్తుంటారన్న ఆలోచన నాకు అంతకుముందు రాలేదు.

కేకు దగ్గరికి వస్తాను. ఫాతిమానగర్ గార్డు ఇంట్లో డిసెంబరులో సకినాలు, గరిజెలు, అరిసెలు చేసేవారు. కొత్త బియ్యం నానబెట్టి, తడి ఆరకముందే పట్టించి, నువ్వులు, వాము కలిపి, పరిచిన పాత పంచె మీద నాలుగు వరసలు చుట్టాలి. కాల్చడం ఎవరికైనా వస్తుంది, చుట్టడానికే చేతులు కావాలి. మా ఆవిడ అక్కడికి వెళ్లేది. సంక్రాంతికి ఆ ఇంటి వదినగారు మా ఇంటికి వచ్చేవారు. అక్కడ జపం చెప్పుకుని మొదలుపెట్టేవారు, మా ఇంట్లో పిండితో గౌరమ్మను చేసి మొదలుపెట్టేవాళ్లం. పిండి కలిపే పాళ్లలో తేడా లేదు.

1983లో ఆ ఇంటి సకినాలు ఒక డబ్బా నిండా మా ఊరికి తీసుకువెళ్లాను. మా నాయనమ్మ ఎవరింటివని అడిగింది. చెప్పాను. వాళ్ల తాతలు ఏ వాడ నుంచి వచ్చారని అడిగింది. అదీ చెప్పాను. డబ్బా తీసుకెళ్లి ఎడ్ల కుడితి గోలెంలో కుమ్మరించింది. దర్గాలో నా కోసం మొక్కిన మనిషి ఈమే. మర్నాడు కాజీపేటలో "ఎలా ఉన్నాయి అన్నా?" అని గార్డు అడిగితే, బాగున్నాయన్నాను. ఈ మాట ఆయనకు ఇంతవరకు చెప్పలేదు. పత్రిక చదివే అలవాటున్న మనిషి, ఇప్పుడు చదువుతాడేమో.

మీ పట్టికలో హిందువుల గడి కింద 'కొన్ని కుటుంబాలు ఇతరుల చేతి వంట స్వీకరించవు' అని ఒక వాక్యం ఉంది. ఉల్లిపాయ తినకపోవడం, శుక్రవారం మాంసం మానడం, పొద్దు గూకాక ముట్టకపోవడం పక్కనే దాన్నీ ఆచారంగా రాశారు. మా పెదనాన్న కందూరులో యాటమాంసం వద్దన్నాడు. మా నాయనమ్మ సకినాలను కాదు, చుట్టిన చేతులను వద్దంది. రెంటినీ ఒకే జాబితాలో వేయకండి. పట్టిక మళ్లీ అచ్చువేస్తే ఆ వాక్యం తీసేయండి. ఖాళీ అయిన జాగాలో ఎవరు ఎప్పుడు ఏమి ముట్టరో రాయండి. మలీదను రెండు గడుల మధ్య గీత మీద వేయండి.

ఉత్తరం పొడవైందని తెలుసు. జాగా చాలకపోతే నా పేరు కథ కత్తిరించండి, వంటమనిషి గరిటెను మాత్రం ఉంచండి.

ఇట్లు,
యాకయ్య,
విశ్రాంత రైలు డ్రైవరు, కాజీపేట