పిల్లలతో బాపట్ల చేరాం, సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు

హైదరాబాద్ వదిలి పిల్లలతో ఏదైనా చిన్న ఊరికి వెళ్దామనుకుంటున్నాం, ఏ ఊరైతే బాగుంటుంది అని నేనడిగినప్పుడు ఓపిగ్గా జవాబు చెప్పిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా థాంక్స్. బాపట్ల వచ్చేశాం. పాప ఐదో తరగతిలో, బాబు ఒకటో తరగతిలో చేరారు, సామాన్లు ఇంకా సగం అట్టపెట్టెల్లోనే ఉన్నాయి కానీ ముందు మీకు ఈ మాట చెప్పకపోతే నాకు తోచడం లేదు. మీరెవరూ మీ ఊరిని పొగిడి ఊరుకోలేదు. మీ ఊళ్లో ఏది దొరకదో, ఏది కష్టమో కూడా దాచకుండా చెప్పారు, మాకు అసలు పనికొచ్చింది అదే.

మదనపల్లె అక్కా, ముందు మీకు. మా మనసు మొదట మీ ఊరి మీదే పడింది. చల్లటి వాతావరణం, దగ్గర్లో హార్స్‌లీ హిల్స్, మా ఆయన కంపెనీకి బెంగళూరులో కూడా ఆఫీసుంది కాబట్టి అటు వెళ్లిరావడమూ తేలికే. రమ్మని చెప్పి వదిలేస్తే మేం వచ్చేవాళ్లం. కానీ మీరు కూర్చుని అన్నీ చెప్పారు. రైల్వే స్టేషన్ ఊళ్లో ఉండదు, సీటీఎం అనే పక్క ఊరి దాకా వెళ్లాలి, ఎండాకాలం బోరు ఎండితే ట్యాంకర్ కోసం ఎదురుచూడాలి అన్నారు. ఆఖర్న, "మీ అమ్మానాన్న పొన్నూరులో ఉన్నారంటున్నారు, అర్ధరాత్రి వాళ్లకేమైనా అయితే ఇక్కడి నుంచి మీరు చేరేసరికి మర్నాడవుతుందమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటతో మా ఆలోచనంతా మారింది. తన ఊరంటే అంత ఇష్టమున్న మనిషి, మా మంచి కోసం వద్దని చెప్పడం మామూలు విషయం కాదు.

తెనాలి వాళ్లకీ చాలా థాంక్స్. విజయవాడ, గుంటూరు రెండూ దగ్గర, మంగళగిరి ఎయిమ్స్ దగ్గర, రైళ్లకి కొదవ లేదు. పిల్లలు సైకిలేసుకుని వాళ్లంతట వాళ్లు తిరగాలన్నది మా కోరిక, అందుకు ఇంకాస్త చిన్న ఊరు కావాలనిపించింది, అంతే.

ఇక బాపట్ల మాస్టారూ, మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు. "ఇళ్లు చూడ్డానికి పొద్దున రావద్దు, సాయంత్రం ఐదింటికి రండి, ఏ వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారో అక్కడ ఇల్లు వెతకండి" అన్నారు, అలాగే చేశాం. అగ్రికల్చర్ కాలేజీ వైపు మీరే వెంట తిప్పి చూపించారు. 1945 నుంచీ ఆ కాలేజీ ఉండడం వల్ల ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఈ ఊళ్లో చాలా ఉన్నాయని, కొత్తవాళ్లని వింతగా చూడరని మీరన్నది నిజమే, పక్కింటివాళ్లు మొదటిరోజే పప్పుచారు పంపారు.

ఇంకోటి, ఇది పిల్లల్ని తెలంగాణ నుంచి ఆంధ్రాకి గానీ ఇటు నుంచి అటు గానీ మార్చే ప్రతి తల్లీతండ్రీ తెలుసుకోవాలి. టీసీ ఒక్కటీ తెచ్చుకుంటే చాలదని, చదివిన ప్రతి ఏడాదికీ స్టడీ సర్టిఫికెట్ తీసుకోమని మాస్టారు పట్టుబట్టారు. ఏ తరగతి ఎక్కడ చదివారన్నదాని మీదే రేపు ఉద్యోగాలకి లోకలా (స్థానికులా), నాన్‌లోకలా అన్నది తేలుతుంది. తెలంగాణ ఉద్యోగాలకి 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడు దాకా చదువు చూస్తారు, ఏపీలో నాలుగు నుంచి పది దాకా సర్టిఫికెట్లు అడుగుతూ వచ్చారు. మా పాప ఒకటి నుంచి నాలుగు హైదరాబాద్‌లోనే చదివింది, ఆ కాగితాలు పోగొట్టుకుంటే పదేళ్ల తర్వాత ఎవరిని అడుగుతాం? పాత స్కూలు వాళ్లు టీసీకి చాలా తిప్పారు. యూడైస్‌లో, అంటే బడి పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో, పిల్లల పేర్లు వాళ్లు డ్రాప్‌బాక్స్‌లో (బడి వదిలిన పిల్లల జాబితాలో) పెడితేనే కొత్త స్కూలు తీసుకోగలదని, సరిగ్గా ఏమని అడగాలో కూడా మాస్టారే రాసిచ్చారు, దాంతో పనైపోయింది.

పేరు చెప్పొద్దన్న నర్సమ్మగారికి చేతులెత్తి దండం. మా బాబుకి చలికాలం ఆయాసం వస్తుంది. పగలు ఏ డాక్టరున్నారని కాదు, రాత్రి రెండింటికి ఎవరు తలుపు తీస్తారో ఇల్లు తీసుకోకముందే కనుక్కోమన్నారు. నెబ్యులైజర్ (మందుని ఆవిరిలా పీల్పించే మెషిన్) ఇంట్లోనే పెట్టుకోమన్నారు, గుంటూరు వెళ్లాల్సొస్తే రాత్రిపూట వచ్చే కారు నంబర్లు రెండు సంపాదించి పెట్టుకోమన్నారు. అన్నీ చేశాం, ఇప్పుడు టెన్షన్ లేకుండా నిద్రపోతున్నాను.

చీరాల తమ్ముడూ, నువ్వు చెప్పిన చిట్కా బంగారం. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది కదా, అప్పుడు వీధిలో నీళ్లు ఎంతసేపు నిలిచాయో ఓనర్ని కాదు, ఎదురింటివాళ్లని అడగమన్నావు. అలా అడిగాకే, చూడ్డానికి ఎంతో బాగున్న ఒక ఇల్లు వదిలేశాం. బోరు నీళ్లు నోట్లో పోసుకుని చూడమన్నదీ నువ్వే, నిజంగానే ఒక వీధిలో తియ్యగా ఉంటే పక్క వీధిలో ఉప్పగా ఉన్నాయి. సూర్యలంక దగ్గరని పిల్లలు సంబరపడుతున్నారు కానీ ఆ తీరంలో ప్రాణాలు పోయిన సంగతులు నువ్వు చెప్పినవి మర్చిపోలేదు, పెద్దవాళ్లు చెయ్యి పట్టుకోకుండా నీళ్లలోకి దిగేది లేదని ఇంట్లో గట్టిగా చెప్పాను.

పాప రోజూ సైకిల్ మీదే స్కూలుకి వెళ్తోంది. ఆదివారం అమ్మానాన్నల దగ్గరికి బస్సెక్కి వెళ్లొస్తున్నాం. పిల్లలతో ఇటువైపు రావాలనుకునే వాళ్లు ఏమైనా అడగండి, ఇళ్ల అద్దెలు, స్కూలు ఆటోలు, నీళ్లు, నాకు తెలిసినదంతా ఉన్నదున్నట్టు చెప్తాను. కార్తీకంలో సూర్యలంక స్నానాలకి వచ్చేవాళ్లు మా ఇంటికి తప్పకుండా రావాలి, మదనపల్లె అక్కా, మీరైతే రెండు రోజులుండేట్టు రండి.