మంత్రి గారూ, ఎస్‌టీపీలోని బ్యాక్టీరియాకీ బడ్జెట్ పెట్టండి

పురపాలక శాఖ మంత్రి గారికి నమస్కారం.

కొత్త మురుగునీటి శుద్ధి కేంద్రాలకు (ఎస్‌టీపీలకు) శంకుస్థాపనలు జోరుగానే జరుగుతున్నాయి, సంతోషం. కట్టాక వాటిని నడిపేదెవరు, ఏ డబ్బుతో అన్నదే నా గొడవ. టెండర్లలో ట్యాంకులూ పైపులూ మోటార్లూ ఉంటాయి గానీ, అసలు మురుగును తినేది బ్యాక్టీరియా కదా. వాటికి రోజంతా గాలి అందాలి, మధ్యలో ఎవరూ విషం పోయకూడదు. ఆ ఖర్చు లెక్కలో వేసుకోకుండా ప్లాంటు కట్టడమంటే మేత సంగతి మర్చిపోయి గొడ్లచావడి కట్టుకోవడమే.

ఇదేమీ కొత్త విద్య కాదు. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు మురుగులోకి గాలి ఊదుతూ, అడుగున చేరిన బురదను పారబోయకుండా ఉంచి మళ్లీ కొత్త మురుగులో కలుపుతూ పోయారు. మొదట్లో వారాలు పట్టిన శుద్ధి చివరికి గంటల్లోకి వచ్చేసింది. ఆ బురద నిండా బతికున్న సూక్ష్మజీవులే మరి. ఇవాళ్టికీ బోలెడు ప్లాంట్లు నడిచేది ఈ పద్ధతిమీదే.

చిక్కల్లా కరెంటు దగ్గర. ప్లాంటు వాడే కరెంటులో దాదాపు సగం గాలి ఊదే బ్లోయర్లకే పోతుంది కాబట్టి, బిల్లు తగ్గించమనగానే ముందు ఆపేది వాటినే. ఆపితే బురద కుళ్లి కంపు కొడుతుంది. మురుగులోని అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా మరీ నెమ్మదిగా పెరిగే రకం, ఒకసారి దెబ్బతింటే కోలుకోవడానికి వారాలు పడుతుంది, అంతవరకూ చేపలకు విషమైన అమ్మోనియా నేరుగా చెరువులోకి పోతుంది. ఏ ఫ్యాక్టరీయో రాత్రిపూట దొంగచాటుగా యాసిడ్ వదిలినా ఇదే కథ.

అప్పుడొస్తారు, బ్యాక్టీరియా పొడి ప్యాకెట్లు అమ్మేవాళ్లు. దయచేసి వాళ్ల మాట నమ్మకండి. కావాల్సిన బ్యాక్టీరియా మామూలు మురుగులోనే ఉంటుంది, గాలి లేని ట్యాంకులో ప్యాకెట్‌లో వచ్చినదీ చస్తుంది. కొత్త ప్లాంటు మొదలెట్టాలంటే బాగా నడుస్తున్న ప్లాంటు నుంచి ఒక ట్యాంకర్ బురద తెచ్చి పోస్తే సరి.

కరెంటు నిజంగానే ఆదా చేయాలంటే దారులున్నాయి. వేడి ప్రాంతాల్లో గాలి అక్కర్లేని బ్యాక్టీరియాతో ముందు శుద్ధి చేసి, వచ్చే మీథేన్ గ్యాస్‌తో కరెంటు తీయొచ్చు. ఆ గ్యాస్‌ను పట్టకుండా గాలిలోకి వదిలేస్తే మాత్రం వాతావరణానికి చేసే మేలు శూన్యం. ఇలా శుద్ధి చేసిన నీటిని తర్వాత ఇంకోసారి శుద్ధి చేయాల్సిందే కూడా. బురదను పిండితే వచ్చే నీటిలో అమ్మోనియా ఎక్కువ, దానికి అనమాక్స్ అనే బ్యాక్టీరియా ఉంది, చాలా తక్కువ గాలితో పని కానిస్తుంది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 2002 నుంచి పెద్ద ఎత్తున వాడారు.

కాబట్టి టెండర్‌లోనే పదేళ్ల నిర్వహణ డబ్బు విడిగా పెట్టండి, ప్రతి ప్లాంటుకూ ఒక మైక్రోస్కోప్, దాన్లో బురదలోని సూక్ష్మజీవులను చూడటం తెలిసిన ఆపరేటర్‌నీ ఇవ్వండి, బయటికి వదిలే నీటి అమ్మోనియా రీడింగ్ రోజూ గేటు దగ్గర బోర్డు మీద రాయించండి. వీటికంటే ముందు, ఇప్పుడున్న ప్లాంట్లలో రాత్రిళ్లు బ్లోయర్లు ఎన్ని గంటలు తిరుగుతున్నాయో కరెంటు మీటరు రీడింగులు తెప్పించుకుని చూడండి, చూసి మాకూ చెప్పండి.

ఇట్లు,
పన్ను కట్టే ఒక పౌరుడు