చుక్క మందు వెనక ఉన్న మనిషి

సంపాదకులకు నమస్కారం.

సాధారణంగా కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతినే నీటికాసుల జబ్బు (గ్లాకోమా) గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. లక్షణాలు, పరీక్షలు బాగానే చెప్పారు గానీ, మందు కనిపెట్టినవాళ్ల ఊసే లేదు. రోజూ పడుకునే ముందు కంట్లో లాటానోప్రోస్ట్ చుక్క వేసుకునే నాకు ఆ లోటు గుచ్చుకుంది.

ఆ చుక్క వెనక ఉన్న మనిషి లాస్లో బిటో. 1956 తిరుగుబాటు తర్వాత హంగరీ వదిలి అమెరికా చేరి, కొలంబియా విశ్వవిద్యాలయంలో కంటి పరిశోధనలో స్థిరపడ్డారు. ప్రోస్టాగ్లాండిన్లు (ఒంట్లోనే తయారయ్యే ఒక రకం రసాయనాలు, నా చుక్క మందు వాటి జాతిదే) కంట్లో వాపు తెచ్చి ఒత్తిడి పెంచుతాయని అప్పటి నమ్మకం. మోతాదు బాగా తగ్గిస్తే అవే ఒత్తిడిని దించుతాయని ఆయన జంతువుల మీద చూపించారు. లోపలి నీరు బయటికి పోయే దారి సులువవుతుంది, అంతే. ఆ మాట నెగ్గడానికి ఏళ్లు పట్టింది. మందుకు అమెరికాలో అనుమతి దొరికింది 1996లో. (కనురెప్పల వెంట్రుకలు గుబురుగా పెరగడం దాని కొసరు. మా ఆవిడ రోజూ ఆటపట్టిస్తుంది.)

రెటీనా (కంటి వెనక ఉండే, వెలుగును పట్టే పొర) సంగతీ ఇంతే. చూపుకు అవసరమైన ఆర్‌పీఈ65 అనే జన్యువులో లోపమున్న కుక్కలకు జన్యుచికిత్సతో చూపు వచ్చిందని 2001లో ప్రకటించిన బృందంలో అమెరికా పరిశోధకురాలు జీన్ బెన్నెట్ ఒకరు. అదే లోపానికి మనుషుల చికిత్స 2017 డిసెంబరులో గానీ అమెరికాలో ఆమోదం పొందలేదు.

గ్లాకోమాలో పోయిన చూపును నా చుక్క తిరిగి తేదు, మిగిలినదాన్ని కాపాడుతుందంతే. చచ్చిన నరాన్ని మళ్లీ మొలిపించే పనిలో ఇప్పుడు ఎవరెవరున్నారో, ఎంతవరకు వచ్చారో ఓ ఆదివారం రాయించండి.

- ఒక పాఠకుడు