హైదరాబాద్–డాలస్ టికెట్‌లో తప్పు ప్రయాణ సమయం: నాలుగోసారి ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

అయ్యా,

ఇది నేను మీకు రాస్తున్న నాలుగో ఉత్తరం. ముందు మూడింటికీ "మీ ఫిర్యాదు అందింది" అన్న ఒక్క ముక్కే వచ్చింది. మనిషి రాసిన జవాబు ఇంతవరకు లేదు.

మే నెలలో మా చెల్లెలి పురిటికి అమ్మను డాలస్ పంపడానికి మీ యాప్‌లో టికెట్ తీశాను. తెల్లవారుజామున 4 గంటలకు శంషాబాద్‌లో బయల్దేరి, అదే రోజు సాయంత్రం 4.10కి అక్కడ దిగుతుందని, "మొత్తం ప్రయాణం 12 గంటల 10 నిమిషాలు" అని చూపించారు. వేసవిలో మన టైముకీ వాళ్ల టైముకీ పదిన్నర గంటల తేడా. అది మీరు కలపనే లేదు. అసలు ప్రయాణం 22 గంటల 40 నిమిషాలు. అమ్మకు 66 ఏళ్లు, షుగర్ ఉంది. మీ పన్నెండు గంటలు నమ్మి చేతిసంచిలో ఒక్క పూట మాత్రలే పెట్టాను, మిగతావి సూట్‌కేసులో వెళ్లిపోయాయి. "ఇంకా ఎంతసేపమ్మా?" అని పక్క సీటు అమ్మాయిని అడుగుతూనే ఉందట. దిగేసరికి కళ్లు తిరిగి వీల్‌చైర్‌లో బయటికి వచ్చింది.

తప్పు ఎవరైనా చేస్తారు. అడిగితే పలకకపోవడమే నాకు మండుతోంది. మొదటిసారి ఫోన్ చేస్తే ముప్పై అయిదు నిమిషాలు పాట వినిపించి, "టైమింగ్స్ ఎయిర్‌లైన్ వాళ్లవి సార్" అన్నారు. ఎయిర్‌లైన్ వాళ్లేమో తమ దగ్గర 22 గంటల 40 నిమిషాలనే ఉంది, మీ ఏజెంటునే అడగండి అన్నారు. రెండోసారి పీఎన్ఆర్, అమ్మ పుట్టిన తేదీ, నా ఫోన్ నంబరు అన్నీ మళ్లీ చెప్పించుకుని, సీనియర్‌కి కలుపుతానని లైన్ కట్ చేశారు. మూడోసారి ఒకమ్మాయి, "మేడమ్ సేఫ్‌గానే చేరారు కదా సార్, ఇంకేం ప్రాబ్లం?" అంది. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను.

నాలుగోసారి లెక్క చెప్పాను. హైదరాబాద్ నుంచి డాలస్‌కి సూటిగా కొలిచినా దాదాపు 14,400 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో ఎక్కడా ఆగకుండా ఎగిరినా పదహారు గంటలు. పైగా మధ్యలో గల్ఫ్‌లో విమానం మారాలి. మరి పన్నెండు గంటల్లో ఎలా చేరతారు అని అడిగితే, "సిస్టమ్‌లో అలాగే ఉంది సార్" అన్నాడు. ఆ రాత్రే "మీ సమస్య పరిష్కరించబడింది, రేటింగ్ ఇవ్వండి" అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారు?

ఏడేళ్లుగా మా ఇంట్లో ప్రతి టికెట్టూ మీ దగ్గరే తీశాం. చెల్లెలి పెళ్లికి ఒక్కసారే పద్నాలుగు తీశాను. మా వీధిలో పిల్లలు అమెరికాలో ఉన్న పెద్దవాళ్లకు మీ యాప్ పెట్టించింది నేనే. నిన్న రాత్రి చూశాను, ఆ పన్నెండు గంటలు అలాగే ఉంది. ఇంకో తల్లి అది చూసి మందులు సర్దుకోకముందే మార్చండి. సర్వీస్ చార్జీ వెనక్కి ఇవ్వండి, మా అమ్మకు తెలుగులో, సంతకంతో క్షమాపణ రాయండి. పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత 1915 హెల్ప్‌లైన్‌కీ, జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ ఈ కాగితాలన్నీ పంపుతాను.

అమ్మ తిరుగు ప్రయాణం నవంబరులో. ఆ టికెట్ మాత్రం మీ దగ్గర తీయను.

ఇట్లు,
మీ పాత కస్టమర్